వెనిల్లా తీగకు కాయ కాయించిన చేయి

ఐస్‌క్రీములో, కేకులో వచ్చే వెనిల్లా వాసన మన పిల్లలకు కూడా తెలుసు. అది ఒక తీగకు కాసే కాయ వాసన అని మాత్రం చాలామందికి తెలియదు. బజారులో దొరికే దాంట్లో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారయ్యేదే. అసలు కాయ ఖరీదు సామాన్యుడు అందుకోలేడు. ఆ తీగను ఇంటి పెరట్లో పెంచాలని సరదా పడేవారు మన పట్నాల్లోనూ ఉన్నరు. పెంచేవారు పెంచుకోవచ్చు. కాని ఆ తీగకు కాయ కాయించే విద్య లోకానికి నేర్పినవాడు ఒక బానిస పిల్లవాడు. రైతుకూలీలు తెలుసుకోవలసిన జీవితం గనుక అతని గురించి చెప్పుకుంటం.

అతని పేరు ఎడ్మండ్. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపున్న రీయూనియన్ ద్వీపంలో, సెయింట్ సుజాన్ అనే ఊళ్ళో 1829లో పుట్టాడు. అప్పుడు ఆ ద్వీపాన్ని బూర్బాన్ అనేవారు. అది ఫ్రెంచివారి వలస. ఆ రోజుల్లోనే మన యానాం రేవు నుంచి తెలుగు కూలీలను ఓడలెక్కించి ఆ ద్వీపపు చెరకు తోటలకు తీసుకుపోయారు. వారిని అక్కడ తెలింగాలు అని పిలిచారు. అంటే ఆ మట్టిలో మనవాళ్ళ చెమట కూడా కలిసింది.

ఎడ్మండ్‌ను కంటూనే తల్లి చనిపోయింది. బానిసకు పుట్టినవాడు బానిసే. ఇంటిపేరు లేదు, చదువు లేదు. ఫెరియోల్ బెలియే బోమో అనే భూస్వామి దగ్గర పెరిగాడు. ఆయనకు మొక్కలంటే ఇష్టం. పిల్లవాన్ని తోటలో వెంట తిప్పుకునేవాడు. మగ పువ్వు, ఆడ పువ్వు వేరుగా పూసే గుమ్మడి జాతి పాదుల్లో చేత్తో పుప్పొడి అంటించడం ఎట్లాగో చూపించాడు.

వెనిల్లా తీగ పుట్టిల్లు మెక్సికో. అక్కడ పుప్పొడి అంటించే పని అక్కడి తేనెటీగలు చేస్తాయి. 1820 ప్రాంతంలో తీగను బూర్బాన్ తెచ్చారు. తీగ బాగానే పాకింది గాని ఏళ్ళు గడిచినా కాయలు లేవు. ఆ పువ్వులో పుప్పొడికి, అది అంటవలసిన చోటుకు నడుమ ఒక చిన్న పొర అడ్డం ఉంటుంది. పువ్వు పొద్దున విచ్చి ఆ రోజే వాడిపోతుంది. 1836లో బెల్జియంలో మోరెన్ అనే శాస్త్రవేత్త చేత్తో కాయించాడు గాని ఆ పద్ధతి తోటలకు పనికి రాలేదు.

1841లో, పన్నెండేళ్ళ వయసులో ఎడ్మండ్ ఆ చిక్కు విప్పాడు. సన్నని వెదురు పుల్లతో ఆ పొరను పైకి లేపి, బొటనవేలితో పుప్పొడిని అంటించాడు. పని క్షణాల్లో అయిపోతుంది. తీగకు కాయలు కనిపిస్తే యజమాని మొదట నమ్మలేదు, మళ్ళీ చేసి చూపించమన్నాడు. ఆ తరువాత ఎడ్మండ్‌ను తోట తోటకూ పంపి మిగతా బానిసలకు నేర్పించారు. 1898 నాటికి ఆ ద్వీపం ఏడాదికి సుమారు 200 టన్నుల వెనిల్లా పండించింది. మడగాస్కర్‌కు, మన కేరళ, కర్ణాటక తోటలకు చేరింది కూడా ఆ పుల్ల విద్యే.

మరి ఎడ్మండ్‌కు ఏం దక్కింది? 1848లో బానిసత్వం రద్దయింది. ఆ ద్వీపంలో సుమారు 60 వేల మంది విముక్తులయ్యారు. ఎడ్మండ్‌కు ఆల్బియస్ అనే ఇంటిపేరు పెట్టారు. లాటిన్‌లో తెలుపును సూచించే మాట అది! బానిసలు పోయినందుకు యజమానులకు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. తరతరాలు చాకిరీ చేసినవారికి గుంట భూమి ఇయ్యలేదు. ఎడ్మండ్ పట్నం పోయి వంటింట్లో కూలికి కుదిరాడు. నగల దొంగతనం కేసులో జైలు పడింది. వెనిల్లాకు అతను చేసిన మేలు చూడుమని ఫెరియోల్ తదితరులు మొరపెట్టుకుంటే శిక్ష తగ్గించి వదిలారు. మళ్ళీ సొంత ఊరికే వచ్చాడు. 1880 ఆగస్టులో సెయింట్ సుజాన్ ఆసుపత్రిలో దిక్కులేని పేదగా చనిపోయాడు. అతని విద్యతో ద్వీపానికి సంపద వచ్చింది గాని అతనికి ఏ భత్యమూ రాలేదు.

పేరు కూడా దక్కకుండా చూశారు. రిషార్ అనే పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడు అది తాను నేర్పిందే అన్నాడు. చదువులేని నల్ల పిల్లవాడు కనిపెట్టాడంటే పెద్దలకు మింగుడు పడలేదు. ఫెరియోల్ ఉత్తరాలు రాసి ఎడ్మండ్ పక్షాన నిలబడ్డాడు. ఆ మేరకు ఆయనను మెచ్చుకోవలసిందే. కాని పేరుతో కడుపు నిండదు.

ఈ కథ ఎక్కడో సముద్రం అవతలిది కాదు. మన కరీంనగర్ జిల్లాలో హుజూరాబాద్, జమ్మికుంట వైపు హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తరు. పూత మీదున్నప్పుడు కూలీలు రోజుకు మూడు నాలుగు సార్లు మడికి అడ్డంగా తాడు లాగి, మగ సాళ్ళ పుప్పొడి ఆడ సాళ్ళ మీద పడేటట్టు చేస్తరు. గడియ దాటితే గింజ తాలు. ఆ విత్తనం అంగట్లో వడ్ల ధరకు ఎన్నో రెట్లు పలుకుతది. తాడు లాగిన చేతికి మాత్రం మామూలు కూలే. దాన్ని నేర్పున్న పని అని ఎవరూ లెక్కగట్టరు.

పెరట్లో వెనిల్లా పెంచేవారికి ఒక మాట. ఆదిలాబాద్, కరీంనగర్ ఎండలకు, వడగాడ్పుకు ఆ తీగ నిలవదు. నీడ, తడి, పాకడానికి చెట్టు ఆసరా కావాలె. పూతకు మూడేళ్ళ దాకా పడుతది. పూసిన పొద్దున పుల్ల పట్టి, ఎడ్మండ్ చేసినట్టే చెయ్యాలె. కాయ ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు.

విత్తనపు మడిలో దిగే కూలి తల్లులకు, అన్నలకు ఇంకొక మాట. మీ చేతిలో ఉన్నది విద్య. దానికి వేరే రేటు అడగండి. పూత రాకముందే, మడిలో దిగకముందే, పదిమంది కూడి కాగితం మీద రాయించుకోండి. ఎడ్మండ్ ఒంటరివాడు, అడిగే సంఘం అతనికి లేదు. మనకు ఉన్నది.