చలిలో ఆగడం నేర్చుకున్న వేటగాడు

డిసెంబరు వచ్చిందంటే మా నాతవరం కుర్రాళ్లకు ఒకటే ధ్యాస. చీకటితోనే బండి తీసి, నర్సీపట్నం దాటి, ఘాట్ ఎక్కి, తెల్లారేసరికి లంబసింగి చేరిపోవాలి. ఇంజినీరింగ్ పూర్తయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఏడాది నేనూ అలాగే బయల్దేరాను. చలి ఆగుతుందని మూడు బిగుతు టీషర్టులు ఒకదానిమీద ఒకటి వేసి, పైన రెయిన్‌కోటు తొడిగాను. ఘాట్ మధ్యలో బండి మొరాయించింది. నెట్టుకుంటూ ఎక్కేసరికి లోపలి బట్టలన్నీ చెమటకు తడిసి ముద్దయ్యాయి.

అసలు వణుకు పైకి చేరి నిలబడ్డాక మొదలైంది. వేళ్లు కొంకర్లు పోయి టీ గ్లాసు పట్టుకోలేకపోయాను. కొట్టు పెద్దాయన నా వాలకం చూసి, ముందు తడి టీషర్టులు విప్పించాడు. పొడి దుప్పటి కప్పాడు. ఆ తర్వాతే టీ ఇచ్చాడు. హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టులో నాకు మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ పాఠం నాకు ఆ టీ కొట్టు దగ్గరే అర్థమైంది.

ఇదే పాఠాన్ని మైనస్ 50 డిగ్రీల చలిలో నేర్చుకున్న ఒకాయన ఉన్నాడు. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిన నార్వే అన్వేషకుడు రోఆల్డ్ అముండ్‌సెన్. జీకే పుస్తకాల్లో ఈ పేరు మీరు బట్టీ పట్టే ఉంటారు. పేరు పక్కన 1911 అని ఉంటుంది, అంతే. ఆ ఒక్క అంకె వెనక ఎన్నేళ్ల తయారీ ఉందో చూస్తే, ఉద్యోగ వేటలో ఉన్న మీకు బాగా పనికొస్తుంది.

అమ్మ కోసం మెడిసిన్

అముండ్‌సెన్ 1872లో ఓడల యజమానుల కుటుంబంలో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు. కొడుకు డాక్టర్ కావాలన్నది తల్లి కోరిక. ఇతనికేమో చిన్నప్పటి నుంచీ ధ్రువయాత్రల పిచ్చి. చలికి అలవాటు పడాలని శీతాకాలంలో కూడా కిటికీలు తెరిచి పడుకునేవాడట. తల్లి మాట కాదనలేక మెడిసిన్‌లో చేరాడు కానీ మనసు పెట్టలేకపోయాడు. 21వ ఏట తల్లి చనిపోయాక చదువు మానేసి సముద్రం దారి పట్టాడు. ఇంట్లో వాళ్ల కోరికకూ తన ఇష్టానికీ మధ్య నలిగినవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు.

ఇష్టం ఉన్నంత మాత్రాన పని వచ్చేయదు కదా. 1896 శీతాకాలంలో అన్న లియోన్‌తో కలిసి నార్వేలోని హార్డంగర్ పీఠభూమిని స్కీల మీద దాటబోయాడు. దారి తప్పారు, తిండి అయిపోయింది. ఒక రాత్రి తడి మంచులో గుంత చేసుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి ఆ తడంతా గడ్డకట్టింది. చేయి కూడా కదపలేనంతగా మంచులో బిగుసుకుపోయాడు. అన్న తవ్వి బయటకు తీయబట్టి బతికాడు. చలి ఎంత ప్రమాదమో తడి అంతకంటే ప్రమాదమని అతనికి అప్పుడే తెలిసొచ్చింది.

మరుసటి ఏడాది బెల్జియం వాళ్ల బెల్జికా ఓడలో అంటార్కిటికా వెళ్లాడు. 1898లో ఆ ఓడ మంచులో ఇరుక్కుని దాదాపు ఏడాది కదల్లేదు. తాజా ఆహారం లేక మనుషులు స్కర్వీతో నీరసించిపోయారు. ఓడ డాక్టర్ ఫ్రెడరిక్ కుక్ పట్టుబట్టి సీల్, పెంగ్విన్ మాంసం తినిపించాకే కోలుకున్నారు. అంటే, వేట తెలియకపోతే అక్కడ బతుకే లేదు.

రెండేళ్ల గ్యాప్

1903 జూన్‌లో అముండ్‌సెన్ సొంతంగా బయల్దేరాడు. గ్యోవా అనే 47 టన్నుల చిన్న ఓడ, ఆరుగురు తోడు, నెత్తిన బోలెడు అప్పు. అప్పులవాళ్లు ఓడను ఆపేస్తారేమోనని అర్ధరాత్రి జారుకున్నాడు. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు కెనడా ఉత్తరాన ఉన్న సముద్ర మార్గాన్ని దాటాలన్నది లక్ష్యం. శతాబ్దాలుగా ఎవరివల్లా కాని పని.

కెనడా ఉత్తర కొసన కింగ్ విలియం దీవి దగ్గర లంగరు వేసి, ఏకంగా రెండు శీతాకాలాలు ఆగిపోయాడు. భూమి అయస్కాంత ఉత్తర ధ్రువం లెక్కలు తీయడం ఒక పని. రెండో పని ఏ సిలబస్‌లోనూ లేనిది. అక్కడుండే నెట్సిలిక్ ఇన్యూట్ ప్రజల దగ్గర శిష్యరికం.

అప్పట్లో చాలామంది యూరప్ అన్వేషకులు ఇన్యూట్లను వెనకబడినవాళ్లుగా చూసేవారు. అముండ్‌సెన్ వాళ్లను గురువులుగా చూశాడు. తెరాయూ అనే పెద్దాయన దగ్గర మంచు ఇల్లు కట్టడం నేర్చుకున్నాడు. కుక్కల బండి తోలడం నేర్చుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్లలా బట్టలు వేసుకోవడం నేర్చుకున్నాడు.

కదలకుండా గంటలు

నెట్సిలిక్ వేటగాళ్ల పని ఎంత కష్టమో ఒకసారి ఊహించండి. శీతాకాలంలో సముద్రం గడ్డకడుతుంది. కింద ఈదే సీల్‌కు ఊపిరి కావాలి కాబట్టి, మంచులో కొన్ని చిన్న రంధ్రాలను గోళ్లతో గీకుతూ మూసుకుపోకుండా కాపాడుకుంటుంది. వేటగాడి కుక్క వాసన పట్టి ఆ రంధ్రాన్ని చూపిస్తుంది. ఇక వేటగాడు ఈటె పట్టుకుని దాని పక్కన నిలబడాలి. గంట కావచ్చు, నాలుగు గంటలు కావచ్చు. కాలు కదిపి మంచు కిర్రుమంటే చాలు, సీల్ ఇంకో రంధ్రానికి పోతుంది. ఒళ్లు వేడెక్కడానికి గెంతడం, చేతులు రుద్దుకోవడం కుదరదు. అందుకే చలి ఆపే పనంతా ముందే, ఇంటి దగ్గరే జరిగిపోవాలి.

వాళ్ల పద్ధతి ఇలా ఉండేది. కారిబూ అనే ధ్రువపు జింక చర్మంతో రెండు జతలు. లోపలి దానికి బొచ్చు ఒంటివైపు, బయటి దానికి బొచ్చు బయటివైపు. రెండూ వదులుగానే ఉంటాయి. కారిబూ వెంట్రుకల లోపల గాలి నిండిన సన్నని గదులుంటాయి. కదలని గాలి వేడిని బయటకు పోనివ్వదు కాబట్టి, ఆ బొచ్చులో, రెండు పొరల మధ్య చిక్కుకున్న గాలే వాళ్ల అసలు కోటు. నడిచేటప్పుడు ఒళ్లు వేడెక్కితే మెడ దగ్గర వదులు చేస్తారు. వేడి, తేమ బయటకు పోతాయి. చెమట పట్టే పరిస్థితి రానివ్వరు. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. నా మూడు టీషర్టులు ఎందుకు ఓడిపోయాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇంకా ఉంది. వేటగాడు పాదాల కింద బొచ్చు చర్మం ముక్క పరుచుకుంటాడు. అది చలినీ ఆపుతుంది, చప్పుడునూ ఆపుతుంది. గాలి తగలకుండా మంచు దిమ్మెలతో అడ్డుగోడ పేర్చుకుంటాడు. ఇంట్లోకి వచ్చే ముందు బట్టల మీది మంచును కొట్టి దులిపేస్తాడు. లేకపోతే లోపలి వెచ్చదనానికి అది కరిగి బట్టలు తడుస్తాయి. ఈ బట్టలు కుట్టేది ఇంటి ఆడవాళ్లు. బొచ్చు సరిగ్గా ఉండే కాలం చూసి వేటాడిన చర్మాన్ని శుభ్రం చేసి, జంతువు నరాలతో కుడతారు. ఒక్క కుట్టు వదులైనా మంచు మీద మనిషి ప్రాణానికే ముప్పు.

అముండ్‌సెన్ తన ఉన్ని బట్టలు పక్కనపెట్టి ఇవే వేసుకున్నాడు. 1905లో అక్కణ్నుంచి కదిలి, 1906లో ఆ సముద్ర మార్గాన్ని పూర్తిచేశాడు. బయటినుంచి చూస్తే ఓడ రెండేళ్లు కదలకుండా నిలిచిపోయింది. ఇప్పటి భాషలో చెప్పాలంటే రెజ్యూమెలో రెండేళ్ల గ్యాప్. కానీ తర్వాత దక్షిణ ధ్రువంలో అతను వాడిన విద్యలో చాలా భాగం ఆ గ్యాప్‌లో నేర్చుకున్నదే.

తొందరపడి చేసిన తప్పు

1911 జనవరిలో తొమ్మిదిమంది బృందంతో అంటార్కిటికాలో దిగాడు. వందల కొద్దీ రోజుల తిండి కోసం సీళ్లను వేటాడి మాంసం నిల్వచేశారు. చీకటి శీతాకాలమంతా బూట్లు విప్పి మళ్లీ కుట్టారు, స్లెడ్జి బండ్ల బరువు తగ్గించారు. ఇంత తెలిసిన మనిషి కూడా ఒకచోట తప్పటడుగు వేశాడు.

అటుపక్క బ్రిటన్‌కు చెందిన కెప్టెన్ స్కాట్ బృందం అదే ధ్రువానికి సిద్ధమవుతోంది. వాళ్లు ముందు వెళ్లిపోతారేమోనన్న భయంతో అముండ్‌సెన్ సెప్టెంబరు 8నే బయల్దేరాడు. అనుభవజ్ఞుడైన యాల్మార్ యోహాన్సెన్ ఇది తొందరపాటని హెచ్చరించినా వినలేదు. చలి మైనస్ 56కు పడిపోయింది. వెనక్కి తిరగక తప్పలేదు. ఆఖరి రోజు ఎవరికి వారు శిబిరం వైపు పరుగుతీశారు, నాయకుడితో సహా. పాదాలు చలికి దెబ్బతిన్న ప్రెస్ట్రుడ్‌ను యోహాన్సెన్ ఒక్కడే కనిపెట్టుకుని, గంటల తర్వాత ప్రాణాలతో తెచ్చాడు.

మర్నాడు యోహాన్సెన్ అందరిముందూ నాయకుణ్ని నిలదీశాడు. అతను చెప్పింది నిజమే. అముండ్‌సెన్ మాత్రం అతన్ని ధ్రువం వెళ్లే జట్టులోంచి తీసేశాడు. యోహాన్సెన్ తర్వాత కోలుకోలేదు. 1913లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇన్యూట్ల ముందు శిష్యుడిగా కూర్చోగలిగిన మనిషి, తన జట్టులోని వాడు తప్పు చూపిస్తే తట్టుకోలేకపోయాడు. గొప్పవాళ్ల కథల్లో ఈ భాగాన్ని దాటేసి చదవకండి.

తర్వాత వాతావరణం కుదుటపడేదాకా ఆగారు. అక్టోబరులో ఐదుగురు, నాలుగు స్లెడ్జి బండ్లు, 52 కుక్కలతో బయల్దేరి, డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరారు. 99 రోజుల్లో, జనవరి 25న, శిబిరానికి తిరిగొచ్చారు. ఐదుగురూ క్షేమం. కుక్కలు మాత్రం పదకొండే మిగిలాయి. చాలావాటిని దారిలో ఆహారంగా వాడాలన్నది ముందే వేసుకున్న లెక్క. వినడానికి కష్టంగా ఉన్నా అదీ నిజమే. స్కాట్ బృందం జనవరి 17న ధ్రువం చేరి, తిరుగు దారిలో ఐదుగురూ చనిపోయారు. దానికి కారణాలు చాలా. మనుషులే బండ్లు లాగుతూ అలసి, చెమటోడ్చడం వాటిలో ఒకటి.

1928 జూన్ 18న, ఇటాలియా ఎయిర్‌షిప్ కూలిపోయి మంచులో చిక్కుకున్నవాళ్లను వెతకడానికి అముండ్‌సెన్ విమానంలో వెళ్లాడు. ఆ ఎయిర్‌షిప్ నాయకుడు నోబిలే అప్పటికే ఇతనితో గొడవపడ్డవాడు. అయినా వెళ్లాడు. నోబిలే బతికి బయటపడ్డాడు. అముండ్‌సెన్ తిరిగి రాలేదు.

మరి మన సంగతి?

ఉద్యోగ వేటలో ఎక్కువ కాలం గడిచేది ఎదురుచూపుల్లోనే. నోటిఫికేషన్ కోసం, రిజల్ట్ కోసం, కాల్ లెటర్ కోసం. ఆ సమయంలో కంగారుగా అటూ ఇటూ గెంతితే సీల్ వెళ్లిపోతుంది. ఊరికే నిలబడితే మనం గడ్డకడతాం. అందుకే ముందే పొరలు సిద్ధం చేసుకోవాలి. ట్యూషన్లు చెప్పో, పార్ట్‌టైమ్ చేసో ఖర్చులకు కొంత. రోజూ రెండు గంటలు కదలని చదువు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ఇద్దరు మనుషులు. ఏ పొరా బిగుతుగా ఉండకూడదు. రోజుకు పద్నాలుగు గంటల టైమ్‌టేబుల్ వేసుకుంటే వారంలోనే చెమట పట్టేస్తుంది.

మీరు వెళ్లాలనుకునే చోట ఇప్పటికే బతుకుతున్నవాళ్లను అడగండి. కోర్సు అమ్మేవాళ్లకంటే, ఆ పని రోజూ చేసే సీనియర్, టెక్నీషియన్, లైన్‌మన్ మీకు ఎక్కువ చెప్పగలరు. స్నేహితుడికి ఆఫర్ వచ్చిందని మీరు సెప్టెంబరులోనే పరుగుతీయకండి. ఒకవేళ పరుగుతీసి వెనక్కి వస్తే, తప్పని చెప్పినవాణ్ని దూరం పెట్టకండి. ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే తల దించుకోకుండా ఆ రోజుల్లో ఏం నేర్చుకున్నారో చెప్పండి. చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి, అంతే.

ఈ డిసెంబరులో లంబసింగి వెళ్తున్నారా? వదులైన బట్టలు వేసుకోండి. బ్యాగులో ఒక పొడి చొక్కా మర్చిపోకండి.