గేమ్ బాయ్ సృష్టికర్తను మరుగున పడేసింది ఆ ఒక్క ఫ్లాపేనా? గున్‌పేయ్ యొకోయ్ కథ.. ఎవరూ పట్టించుకోని ఆయన 5 గేమ్స్ ఇవే!

వీడియో గేమ్ జాయ్‌ప్యాడ్ చేతిలోకి తీసుకుంటే ఎడమవైపు ప్లస్ ఆకారంలో ఒక బటన్ ఉంటుంది. పైకి, కిందకు, పక్కలకు బొటనవేలితో నొక్కుతాం. దాన్ని ఆ రూపంలో గేమింగ్‌లోకి తెచ్చింది ఒక జపాన్ ఇంజినీర్. పేరు గున్‌పేయ్ యొకోయ్. ప్రపంచాన్ని ఊపేసిన గేమ్ బాయ్ కూడా ఆయన టీమ్ తయారు చేసిందే.

అయితే ఆయన గురించి ఎక్కడ వెతికినా రెండే విషయాలు కనిపిస్తాయి. ఒకటి సూపర్ హిట్ అయిన గేమ్ బాయ్. రెండోది అట్టర్ ఫ్లాప్ అయిన వర్చువల్ బాయ్. ఈ రెండింటి మధ్య ఆయన చేతుల మీదుగా వచ్చిన మంచి గేమ్స్ చాలానే ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఆడేవాళ్లు తక్కువ. ఆయన జీవితంతో పాటు, తప్పకుండా ఆడాల్సిన ఆ గేమ్స్‌లో ఐదింటిని చూద్దాం.

పేకముక్కల కంపెనీలో మెషిన్ల రిపేరు

యొకోయ్ 1941 సెప్టెంబర్ 10న జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. అదే ఊళ్లోని దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. పెద్ద పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో ఉద్యోగం దొరకలేదు. దాంతో 1965లో ఊళ్లోనే ఉన్న నింటెండోలో చేరిపోయారు.

నింటెండో అంటే ఇప్పుడు మనకు మారియో గుర్తొస్తాడు. అప్పట్లో మాత్రం అది పేకముక్కల కంపెనీ. 1889లో హనఫుడా అనే జపాన్ పేకముక్కలతో మొదలైంది. ఆ ముక్కలు తయారు చేసే మెషిన్లు ఆగిపోకుండా చూసుకోవడమే యొకోయ్ డ్యూటీ.

మెషిన్లు బాగా నడుస్తుంటే ఆయనకు పెద్దగా పని ఉండేది కాదు. ఖాళీ టైమ్‌లో చెక్కతో ఒక బొమ్మ చేసుకున్నారు. కత్తెరలా పిడిని నొక్కితే ముందుకు సాగి, దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే చెయ్యి అది. దాంతో ఆడుకుంటుండగా కంపెనీ ప్రెసిడెంట్ హిరోషి యమౌచి కంట పడ్డారు. చీవాట్లు తప్పవనుకుంటే సీన్ రివర్స్ అయింది. దాన్ని అమ్మకానికి పనికొచ్చేలా తయారు చెయ్యమని యమౌచి ఆర్డర్ వేశారు. అలా 1966లో అల్ట్రా హ్యాండ్ మార్కెట్లోకి వచ్చింది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మెషిన్లు రిపేరు చేసే కుర్రాడు కాస్తా బొమ్మల డిజైనర్ అయిపోయారు.

పాత టెక్నాలజీ.. కొత్త వాడకం

యొకోయ్ పనితీరుకు ఒక సూత్రం ఉంది. అప్పుడే పుట్టిన ఖరీదైన టెక్నాలజీ వెంట పరిగెత్తకూడదు. అందరికీ అలవాటైపోయి, ధర పడిపోయిన టెక్నాలజీని తీసుకుని, ఎవరూ ఊహించని పనికి వాడాలి. ఇదే ఆయన ఫార్ములా.

గేమ్ అండ్ వాచ్ అలా పుట్టిందే. ఒకసారి బుల్లెట్ ట్రైన్‌లో వెళ్తుంటే, ఓ ప్రయాణికుడు బోర్ కొట్టి కాలిక్యులేటర్ బటన్లు నొక్కుతూ కూర్చోవడం యొకోయ్ గమనించారు. పెద్దవాళ్లు కూడా నలుగురిలో ఇబ్బంది పడకుండా ఆడుకునే చిన్న గేమ్ ఉంటే ఎలా ఉంటుందనే ఆలోచన అక్కడే మొదలైంది.

ఆ తర్వాత ఒకరోజు ప్రెసిడెంట్ కారు డ్రైవర్ రాలేదు. యమౌచిని మీటింగ్‌కు తీసుకెళ్లే పని యొకోయ్ మీద పడింది. దారిలో మాటల మధ్య ఈ ఐడియా చెప్పారు. యమౌచి పెద్దగా స్పందించినట్టు కనిపించలేదు. కానీ కొద్ది రోజులకే షార్ప్ కంపెనీ పెద్దలు నింటెండో ఆఫీసుకు వచ్చేశారు. కాలిక్యులేటర్ కంపెనీల మధ్య పోటీతో అప్పటికే చిన్న ఎల్‌సీడీ స్క్రీన్లు చౌకగా దొరుకుతున్నాయి. 1980 ఏప్రిల్‌లో మొదటి గేమ్ అండ్ వాచ్ విడుదలైంది. మొత్తం సిరీస్ కలిపి 4.34 కోట్లు అమ్ముడైంది.

మన దగ్గర 90ల్లో పుట్టినవాళ్లకు బ్రిక్ గేమ్ గుర్తుండే ఉంటుంది. జాతరలో, ఫ్యాన్సీ షాపులో కొనిచ్చే ఆ చిన్న గేమ్‌లోనూ ఇలాంటి చౌక ఎల్‌సీడీ స్క్రీనే ఉండేది.

జాయ్‌స్టిక్ పట్టలేదు.. ప్లస్ బటన్ పుట్టింది

1981లో షిగెరు మియమోటో అనే కుర్ర డిజైనర్ డాంకీ కాంగ్ గేమ్ చేశారు. దాన్ని దగ్గరుండి చూసుకున్నది యొకోయే. అమెరికాలో అమ్ముడుపోకుండా మిగిలిన రాడార్ స్కోప్ గేమ్ మెషిన్లను ఏం చెయ్యాలో తెలియక, వాటిలోనే ఈ కొత్త గేమ్ పెట్టి అమ్మారు. మారియో తొలిసారి కనిపించింది అందులోనే.

మరుసటి ఏడాది డాంకీ కాంగ్‌ను గేమ్ అండ్ వాచ్‌లోకి తేవాలనుకున్నారు. అది పుస్తకంలా మడిచే రెండు స్క్రీన్ల మోడల్. పైకి పొడుచుకు వచ్చే జాయ్‌స్టిక్ పెడితే మూత పడదు. అందుకే యొకోయ్ ప్లస్ ఆకారంలో పలుచని బటన్ పెట్టారు. చూడకుండానే వేలికి దిక్కు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఫ్యామికామ్ కంట్రోలర్‌పైకి, అక్కడి నుంచి ప్రపంచమంతా అదే రూపం వెళ్లిపోయింది.

గేమ్ బాయ్.. రంగుల్లేకుండానే రంగంలోకి!

1989 ఏప్రిల్ 21న గేమ్ బాయ్ జపాన్‌లో విడుదలైంది. సతోరు ఒకాడా లాంటి ఇంజినీర్లతో కలిసి యొకోయ్ టీమ్ దాన్ని తయారు చేసింది. స్క్రీన్‌కు రంగుల్లేవు. వెనక లైటు కూడా లేదు. అదే సమయంలో అటారీ లింక్స్, ఆ తర్వాత సెగా గేమ్ గేర్ కలర్ స్క్రీన్లతో వచ్చాయి. చూసినవాళ్లు గేమ్ బాయ్ పనైపోయిందనుకున్నారు.

కానీ ఆ రెండింటికీ ఆరేసి పెన్సిల్ సెల్స్ కావాలి. అవీ కొన్ని గంటల్లోనే ఖాళీ. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో చాలా ఎక్కువసేపు నడిచేది. ధర తక్కువ, కింద పడినా తట్టుకునేది. చివరికి గేమ్ బాయ్, తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్ రెండూ కలిపి దాదాపు 11.87 కోట్లు అమ్ముడయ్యాయి. రంగులున్న పోటీదారులు దరిదాపుల్లోకి కూడా రాలేకపోయారు.

గేమ్ బాయ్ అనగానే అందరూ టెట్రిస్, పోకెమాన్ అంటారు. వాటి నీడలో పడిపోయిన ఈ మూడు చూడండి.

ఆడాల్సిన గేమ్ 1: బెలూన్ కిడ్ (1990)

ఆలిస్ అనే పాప రెండు బెలూన్లు పట్టుకుని గాల్లో తేలుతూ, ఎగిరిపోయిన తమ్ముడిని వెతుక్కుంటూ వెళ్తుంది. మామూలు గేమ్స్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్తాం. ఇందులో కుడి నుంచి ఎడమకు! బెలూన్లు వదిలేసి నేలమీద పరిగెత్తొచ్చు, మళ్లీ ఊదుకుని ఎగరొచ్చు. ఎప్పుడు వదలాలి, ఎప్పుడు పట్టుకోవాలన్నదే అసలు ఆట. చిన్నపిల్లలతో కలిసి ఆడటానికి బాగుంటుంది.

ఆడాల్సిన గేమ్ 2: మెట్రాయిడ్ 2 రిటర్న్ ఆఫ్ సామస్ (1991)

ఈ సిరీస్‌లో 1994లో వచ్చిన సూపర్ మెట్రాయిడ్‌కే పేరంతా పోయింది. కానీ ఈ రెండో భాగంలో ఉన్న ఒంటరితనం వేరు. ఒక గ్రహం లోపలికి దిగి, అక్కడి మెట్రాయిడ్ జీవులన్నింటినీ చంపాలి. ఎన్ని మిగిలాయో స్క్రీన్ కింద అంకె చూపిస్తూ ఉంటుంది. అది తగ్గే కొద్దీ మనలో టెన్షన్ పెరుగుతుంది. చివర్లో మన చేత చేయించే పని, అంతసేపు చేసిన వేటనే మరోలా చూపిస్తుంది. అదేంటో ఆడి తెలుసుకోండి.

ఇందులో ఇంకో ముచ్చట. హీరోయిన్ సామస్ మామూలు సూట్‌కు, వేరియా సూట్‌కు తేడాను మొదటి మెట్రాయిడ్ గేమ్‌లో రంగుతో చూపించారు. గేమ్ బాయ్‌లో రంగులే లేవాయె. అందుకే వేరియా సూట్‌కు పెద్ద గుండ్రటి భుజాలు పెట్టారు. ఇప్పటికీ సామస్ గుర్తు ఆ భుజాలే.

ఆడాల్సిన గేమ్ 3: కేరు నో తమే ని కనే వ నరు (1992)

కప్ప కోసం గంట మోగుతుందని ఈ జపాన్ పేరుకు అర్థం. మంత్రానికి ఒక రాజకుమారుడు కప్పగా మారతాడు. మన అమ్మమ్మ కథలా ఉంది కదా! కప్పగా ఉంటే ఎత్తుకు దూకొచ్చు, నీళ్లలో ఈదొచ్చు. తర్వాత పాముగా కూడా మారి సందుల్లోంచి దూరిపోవచ్చు. ఫైట్లు మనం చెయ్యక్కర్లేదు, బలాబలాలను బట్టి వాటంతటవే జరిగిపోతాయి. కాబట్టి ఏ చోటికి ఏ రూపంలో వెళ్లాలన్నదే తేల్చుకోవాలి. పైగా కథ నిండా కామెడీ.

ఈ గేమ్ జపాన్ దాటి అధికారికంగా ఇంగ్లీష్‌లో రాలేదు. ఏళ్ల తర్వాత 2011లో అభిమానులే అనువాదం చేసుకున్నారు. 1993లో వచ్చిన జెల్డా లింక్స్ అవేకెనింగ్ దీని బాటలోనే తయారైంది. ఈ గేమ్‌లోని రిచర్డ్ అనే పాత్ర అందులోనూ కనిపిస్తుంది.

ఎర్రరంగులో మునిగిన కల

ఇక యొకోయ్ కెరీర్‌లో చేదు అధ్యాయం. 1995 జూలై 21న వర్చువల్ బాయ్ విడుదలైంది. కళ్లద్దాల్లా ఉండే పెట్టె స్టాండు మీద ఉంటుంది. అందులోకి తొంగి చూస్తే బొమ్మ లోతుగా, త్రీడీలో కనిపిస్తుంది. ఇక్కడా ఆయన సూత్రమే. చౌకగా దొరికే, కరెంటు తక్కువ తాగే ఎర్ర ఎల్ఈడీలు వాడారు.

ఈసారి లెక్క తప్పింది. నల్లటి తెరపై మొత్తం ఎరుపే. టేబుల్ మీద పెట్టి మెడ వంచి చూడాలి. తలనొప్పి, కళ్లనొప్పి వస్తున్నాయని ఆడినవాళ్లు ఫిర్యాదు చేశారు. పక్కవాళ్లకు లోపల ఏం జరుగుతుందో కనపడదు. షాపులో చూసి ముచ్చటపడి కొనే చాన్సే లేదు. మొత్తం 22 గేమ్స్ వచ్చాయి, దాదాపు 7.7 లక్షల యూనిట్లు అమ్ముడయ్యాయి. ఏడాది తిరక్కుండానే నింటెండో దాన్ని ఆపేసింది.

ఆడాల్సిన గేమ్ 4: వర్చువల్ బాయ్ వారియో ల్యాండ్ (1995)

మెషిన్ ఫ్లాపైందని దీన్నీ పక్కన పడేశారు. నిజానికి త్రీడీని ఆటలో భాగం చేసిన గేమ్ ఇది. వారియో కొన్ని దిమ్మెల మీద నుంచి దూకితే తెర లోపలికి, దూరంగా ఉన్న మరో వరుసలోకి వెళ్లిపోతాడు. దగ్గర దారి మూసుకుపోతే దూరం దారిలో వెతకాలి. టోపీ మారిస్తే శక్తి మారుతుంది. ఈ గేమ్ కొన్నేళ్లు కాదు, దశాబ్దాల పాటు ఆ పాత మెషిన్ ఉన్నవాళ్లకే పరిమితమైంది. వర్చువల్ బాయ్ గేమ్స్‌ను స్విచ్‌లోకి తెస్తామని నింటెండో 2025లో ప్రకటించడంతో మళ్లీ చర్చలోకి వచ్చింది.

తీసేశారా? తానే వెళ్లారా?

యొకోయ్ 1996 ఆగస్టు 15న నింటెండో నుంచి బయటకు వచ్చారు. 31 ఏళ్ల ఉద్యోగం. వర్చువల్ బాయ్ దెబ్బకు పంపించేశారనే ప్రచారం అప్పుడే మొదలైంది. ఇప్పటికీ చాలామంది అదే నమ్ముతారు. సొంతంగా పని చేసుకోవాలనే ఆలోచన ముందు నుంచే ఉందని, ఆ ఫ్లాప్ కారణం కాదని ఆయన స్వయంగా ఒక జపాన్ పత్రికలో రాశారు. వెళ్లే ముందు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆయన వెళ్లిపోవడానికి నెల రోజుల ముందే, సైజు తగ్గించిన గేమ్ బాయ్ పాకెట్ జపాన్‌లో విడుదలైంది.

క్యోటోలోనే కోటో అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. బందాయ్ కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే కొత్త హ్యాండ్‌హెల్డ్ మీద పని మొదలైంది.

అది పూర్తయ్యేలోపే ఘోరం జరిగింది. 1997 అక్టోబర్ 4న ఇషికావా ప్రాంతంలోని హొకురికు ఎక్స్‌ప్రెస్‌వేపై ఆయన ప్రయాణిస్తున్న కారు మరో వాహనాన్ని ఢీకొంది. ఏం జరిగిందో చూద్దామని కిందకు దిగిన యొకోయ్‌ను ఇంకో కారు ఢీకొట్టింది. అప్పటికి ఆయన వయసు 56 ఏళ్లు.

ఆడాల్సిన గేమ్ 5: గన్‌పే (1999)

వండర్‌స్వాన్ 1999 మార్చి 4న జపాన్‌లో విడుదలైంది. ధర 4,800 యెన్లు. మళ్లీ బ్లాక్ అండ్ వైట్ స్క్రీనే. ఒకే ఒక్క పెన్సిల్ సెల్‌తో 30 గంటలకు పైగా నడిచేది. నిలువుగానూ, అడ్డంగానూ పట్టుకుని ఆడొచ్చు. ఇప్పుడు మనం ఫోన్ తిప్పుకున్నట్టే అన్నమాట.

దాంతో పాటు వచ్చిన పజిల్ గేమ్‌కు ఆయన పేరే పెట్టారు. ఆడటం చాలా సింపుల్. గళ్లలో ఏటవాలు గీతలుంటాయి. వాటిని పైకి కిందకు జరిపి, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా తెగకుండా ఒక గీత కలపాలి. కలిస్తే మాయమవుతుంది. కింద నుంచి కొత్త గళ్లు వస్తూనే ఉంటాయి. అవి పైకి చేరితే ఆట ముగుస్తుంది. నిమిషంలో అర్థమవుతుంది, గంటైనా వదలబుద్ధి కాదు. 2006లో పీఎస్‌పీ, నింటెండో డీఎస్‌లకూ కొత్త హంగులతో వచ్చింది.

ఇంతకీ ఏది ముందు ఆడాలి?

టైమ్ తక్కువుంటే గన్‌పేతో మొదలుపెట్టండి. కథ కావాలంటే కప్ప రాజకుమారుడు. ఒంటరిగా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడాలంటే మెట్రాయిడ్ 2.

గ్రాఫిక్స్ పాతవని ముందే పక్కన పెట్టేయకండి. పాతబడిన టెక్నాలజీతోనే కొత్త ఆట పుట్టించొచ్చని యొకోయ్ 30 ఏళ్లు పనిచేసి చూపించారు. 2003లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఆయనకు జీవిత సాఫల్య పురస్కారం ప్రకటించారు. అప్పటికి ఆయన చనిపోయి ఆరేళ్లు కావస్తోంది. ఒక ఫ్లాప్ మెషిన్ పేరుతో ఆయన్ను గుర్తుపెట్టుకునే ముందు, ఈ ఐదింటిలో ఒక్కటైనా అరగంట ఆడి చూడండి.