వాన గుట్టు వెదికిన వాకర్

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలంటారు. ఆ రెండింటిలో మొదటిదాన్ని లెక్కలతో పట్టుకోవాలని మన దేశంలో ఇరవై ఏళ్లు పాటుపడిన మనిషి సర్ గిల్బర్ట్ వాకర్.

ఆయన 1868లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీలో చదివి, 1889లో గణితంలో అందరికంటే ముందు నిలిచి సీనియర్ ర్యాంగ్లర్ అయినాడు. బూమెరాంగ్ విసరడమంటే మహా సరదా. అది తిరిగి ఎందుకొస్తుందో గణితంతో వివరించాడు కూడా. తోటివాళ్లు ఆయన్ని బూమెరాంగ్ వాకర్ అని పిలిచేవారు. వాతావరణశాస్త్రంతో మాత్రం ఆయనకు అంతవరకు పరిచయమే లేదు.

అలాంటివాడిని 1904లో మన వాతావరణ శాఖకు అధిపతిగా వేశారు. కారణం లేకపోలేదు. 1876-78 నాటి కరువు మన రాయలసీమ జిల్లాలను, దక్షిణాదిలో మరెన్నో ప్రాంతాలను పీల్చి పిప్పి చేసింది. ఆ తర్వాత హిమాలయాల మీద మంచును చూసి వానల సంగతి ముందుగా చెప్పే పద్ధతిని బ్లాన్‌ఫర్డ్ అనే అధికారి మొదలుపెట్టాడు. అయితే 1899లో వానలు బాగుంటాయని శాఖవారు చెబితే, తీరా ఘోరమైన అనావృష్టి వచ్చిపడింది. ఇక గట్టి లెక్కలు తెలిసినవాడు కావలసి వచ్చింది.

వాకర్ ముందుగా ఏ సిద్ధాంతాన్నీ పట్టుకుని కూర్చోలేదు. ప్రపంచం నలుమూలల నుంచి వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం అంకెలు తెప్పించాడు. మనం స్టాటిస్టిక్స్ క్లాసులో ఆపసోపాలు పడుతూ చేసే కోరిలేషన్ లెక్కలే ఆయన ఆయుధం. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో భారతీయ గుమాస్తాలు ఏళ్ల తరబడి ఆ లెక్కలు కట్టారు. ఈ కథలో వాళ్ల కష్టాన్ని మరువరాదు.

ఆ అంకెల గుట్టలోంచి ఒక వింత బయటపడింది. పసిఫిక్ మహాసముద్రం మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది. ఇక్కడ పెరిగితే అక్కడ తగ్గుతుంది. ఏతం మాను ఒక కొస లేస్తే రెండో కొస దిగినట్టన్నమాట! 1924లో ఆయన దీనికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు.

లెక్కలో సత్తా ఉన్న మనిషిని ఆయన ఇట్టే పట్టేవాడు. 1913లో మద్రాసు వచ్చినప్పుడు, పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రామానుజన్ గణితాన్ని చూసి యూనివర్సిటీకి సిఫారసు లేఖ రాశాడు. ఆపైన రామానుజన్‌కు నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ దొరికింది.

వాకర్ 1924లో పదవీ విరమణ చేసి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో ప్రొఫెసరుగా 1934 వరకు పనిచేశాడు. ఆ ఊగిసలాట ఎందుకు జరుగుతుందో ఆయనకు అంతుచిక్కలేదు. కారణం చెప్పలేని కోరిలేషన్లను నమ్మేదెలాగని పెదవి విరిచిన వాళ్లూ ఉన్నారు. 1958లో ఆయన కన్నుమూశాడు.

కారణం సముద్రంలో దొరికింది. 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ దాన్ని విప్పిచెప్పాడు. మామూలుగా ఇండోనేషియా దగ్గర సముద్రం వెచ్చగా, పెరూ తీరాన చల్లగా ఉంటుంది. వెచ్చని చోట గాలి పైకి లేచి వానలు కురిపిస్తుంది. పైపైన తూర్పుకు పోయి, చల్లని చోట దిగి, సముద్రం మీదుగా మళ్లీ పడమటికి వస్తుంది. ఈ గాలి చక్రానికి బ్యెర్క్‌నెస్ వాకర్ పేరే పెట్టాడు. ఎల్ నినో వచ్చి తూర్పు పసిఫిక్ వేడెక్కితే ఈ చక్రం బలహీనపడి, గాలి పైకి లేచే చోటు తూర్పుకు జరుగుతుంది. అప్పుడు మనవైపు వానలు తగ్గే ప్రమాదముంది.

ప్రమాదమే గాని తప్పనిసరి కాదు. 2002, 2009లలో ఎల్ నినోతో పాటు కరువూ వచ్చింది. 1997లో మాత్రం అది ఎంతో బలంగా ఉన్నా దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. హిందూ మహాసముద్రపు వేడి కూడా ఇందులో చెయ్యి కలుపుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

తొలకరిని నమ్ముకుని అప్పు చేసి వేరుశనగ విత్తనం కొనే ఇళ్ల నుంచి వచ్చిన నావంటి వాళ్లకు ఇది పరీక్షకు చదివి మరిచిపోయే పాఠం కాదు. మన పొలం మీద మబ్బుకు, ఎక్కడో పెరూ తీరాన నీటి వేడికి లంకె ఉంది. ఆ లంకె కొస మొదట అందుకున్నవాడు వాకర్. మిగతా ముడులు విప్పవలసిన వాళ్లలో, మిత్రులారా, మనమూ ఉన్నాం.