తిరిగిరాని వైమానికుడు

జూలై 31. ప్రేమ్‌చంద్ 1880లో జన్మించినదీ, మహమ్మద్ రఫీ 1980లో కన్నుమూసినదీ ఈ తేదీనే. ఆ ఇద్దరూ మనకు చిరపరిచితులు. 1944లో ఇదే రోజున విమానంతో సహా అదృశ్యమైన ఫ్రెంచి రచయిత ఆంత్వాన్ ద సెంట్ ఎగ్జుపెరీని తలచుకొనేవారు మన ప్రాంతాలలో తక్కువ. రచన, చిత్రలేఖనం, సాహసం మూడూ ఆయన జీవితంలో ఒకటిగా కలిశాయి.

1900 జూన్ 29న లియోన్ నగరంలో ఒక ప్రభువంశంలో జన్మించారు. నాలుగేళ్లు నిండకముందే తండ్రి మరణించారు. నౌకాదళ పాఠశాల ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేదు. సైనిక సేవాకాలంలో విమానం నడపడం నేర్చుకొని, 1926లో తూలూజ్‌లోని ఒక విమాన సంస్థలో చేరి, ఆఫ్రికా తీరానికి ఉత్తరాల మూటలు మోసే వైమానికులయ్యారు.

ఆ ఉద్యోగం ప్రాణాలతో చెలగాటమే. నడిదారిలో ఇంజను ఆగితే ఎడారిలో దిగక తప్పదు. దిగినవారిని అక్కడి తెగలవారు బంధించి సొమ్ము అడిగేవారు. 1927లో ఆయనను స్పెయిన్ ఏలుబడిలోని సహారా తీరాన గల కేప్ జూబీ స్థావరానికి అధికారిగా పంపారు. ఒక వంక సముద్రం, మిగిలిన వంకలన్నీ ఇసుక. నివాసం ఒక చెక్క గుడిసె. తెగల పెద్దలతో స్నేహం చేసి, వారి భాష కొంత నేర్చుకొని, చిక్కుకుపోయిన సహచరులను విడిపించి తెచ్చేవారు. రాత్రివేళ ఆ గుడిసెలోనే తొలి నవల రాశారు. 1931లో వెలువడిన నైట్ ఫ్లైట్ నవలకు ఫెమినా బహుమతి లభించింది.

ఇతరులను వెదకి తెచ్చిన ఆయనకే 1935 డిసెంబరులో ఆపద వచ్చింది. పారిస్ నుండి సైగాన్‌కు వేగంగా చేరాలన్న పోటీలో విమానం ఈజిప్టు ఎడారిలో కూలింది. ఆయనా, మెకానిక్ ప్రెవోయూ బతికారు గాని, ఒక్కరోజుకైనా సరిపడే నీరు లేదు. దాహంతో ఎండమావులను చూస్తూ నడిచారు. చివరికి ఒంటెపై వచ్చిన ఒక బెడూయిన్ వారిని కాపాడాడు. ఎడారిలో కూలిన వైమానికుడే కథ చెప్పే లిటిల్ ప్రిన్స్‌కు ఈ అనుభవమే పునాది. అందులోని బొమ్మలూ ఆయన గీసినవే. యుద్ధకాలంలో న్యూయార్క్‌లో ఉంటూ రాసిన ఆ పుస్తకం 1943లో అక్కడే వెలువడింది. స్వదేశంలో అచ్చయినది 1946లో. ఫ్రాన్సులో తలదాచుకొని ఆకలితో, చలితో ఉన్న మిత్రుడు లియోన్ వెర్త్‌కు దానిని అంకితమిచ్చారు.

అమెరికాలోనే ఉండిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కారు. వయోపరిమితి దాటింది, పాత గాయాలవల్ల విమాన దుస్తులు స్వయంగా వేసుకోలేకపోయేవారు. అయినా 1943లో ఉత్తర ఆఫ్రికాకు వెళ్లి తన పాత దళంలో చేరారు. ఒకసారి విమానం దెబ్బతినగా అధికారులు నడపవద్దన్నారు. నెలల తరబడి పట్టుబట్టి మళ్లీ అనుమతి పొందారు. మొండితనమే, కాని వెర్త్ వంటివారు అక్కడ ఉండగా తాను దూరాన ఉండలేకపోవడం సహజమే.

1944 జూలై 31 ఉదయం కోర్సికా దీవి నుండి, శత్రువుల అధీనంలోని ఫ్రాన్సును ఫోటోలు తీయడానికి ఒంటరిగా బయలుదేరారు. మధ్యాహ్నం వరకూ ఎదురుచూసినా విమానం తిరిగిరాలేదు. 1998లో మార్సేయ్ వద్ద ఒక జాలరి వలలో వెండి కంకణం పడింది. దానిపై ఆయన పేరు, భార్య కాన్సుయెలో పేరు, న్యూయార్క్ ప్రచురణకర్తల చిరునామా ఉన్నాయి. ఆ దరిదాపుల్లో 2000లో కనుగొన్న విమాన శకలాలు ఆయన విమానానివేనని 2004లో నిర్ధారణ అయింది. అది ఎలా కూలిందో మాత్రం తేలలేదు.