వెన్ను విరిగినవారికి విల్లు అందించిన వైద్యుడు

1917వ సంవత్సరం. ఆనాటి జర్మనీలోని కొనిగ్స్‌హ్యూట్ అనే బొగ్గుగనుల పట్టణంలోని ఆసుపత్రికి వెన్నెముక విరిగిన ఒక గని కార్మికుణ్ణి తీసుకువచ్చారు. మనిషి దృఢకాయుడు. కాని నడుము క్రింద చలనం లేదు. అతడు కొద్ది వారాలకు మించి బ్రతకడని నిశ్చయించిన వైద్యులు మంచం చుట్టూ తెర కట్టించారు. అయిదు వారాలకు అతడు మరణించాడు. అక్కడ స్వచ్ఛంద సేవకుడిగా పనిచేస్తున్న ఒక యువకుడు ఆ తెరను జీవితాంతం మరువలేకపోయాడు. ఆయనే సర్ లుడ్విగ్ గుట్‌మన్.

గుట్‌మన్ 1899 జూలై 3న, నేడు పోలండ్‌లో ఉన్న టోస్ట్ అనే ఊరిలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. వైద్యవిద్య నభ్యసించి, బ్రెస్లావ్ నగరంలో నరాల వైద్యునిగా పేరు గడించారు. 1933లో నాజీలు అధికారానికి రాగానే యూదుడైన కారణంగా ఉద్యోగం కోల్పోయారు. అనంతరం ఆ నగరంలోని యూదుల ఆసుపత్రిలో చేరి, దానికి అధిపతి అయ్యారు. 1938 నవంబరులో యూదులపై దాడులు జరిగిన రాత్రి, ఆశ్రయం కోరి వచ్చిన వారందరినీ రోగులుగా చేర్చుకొని, అనేకులను నిర్బంధం నుండి కాపాడారు. 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండు చేరి, దాదాపు నలభై ఏళ్ల వయసులో పరాయి భాషలో, పరాయి దేశంలో బ్రతుకును మళ్లీ మొదటి నుండి ప్రారంభించారు.

1944 ఫిబ్రవరిలో, యుద్ధంలో వెన్ను దెబ్బతిన్న సైనికుల కోసం స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఒక విభాగం ఏర్పడింది. దాని బాధ్యత గుట్‌మన్‌కు అప్పగించారు. ఈ రోగులను బలిగొంటున్నవి ప్రధానంగా పడకపుండ్లు, మూత్రకోశ వ్యాధులేనని, వాటిని నివారించవచ్చునని ఆయన గ్రహించారు. రేయింబవళ్లు రెండు గంటల కొకసారి రోగిని పక్కకు తిప్పాలని నియమం పెట్టారు. అది అమలవుతున్నదో లేదో చూడటానికి అర్ధరాత్రి తానే వార్డుకు వచ్చేవారు. క్రమశిక్షణలో కఠినుడైనా, రోగులు ఆయనను తండ్రిగా భావించి పిలిచేవారు.

ప్రాణం నిలిచింది సరే, జీవించడమెలా? దేహం కంటె ముందు మనసు క్రుంగిపోయిన యువకులకు ఆయన వడ్రంగం, గడియారాల మరమ్మతు వంటి పనులు నేర్పించారు, ఆటలు ఆడించారు. చక్రాల కుర్చీలలో కూర్చొని ఆడే పోలో, బాస్కెట్‌బాల్ ఆసుపత్రిలో ప్రవేశించాయి. విలువిద్య ఆయనకు మిక్కిలి ప్రీతిపాత్రం. అది భుజాలకు, వీపుకు బలమిస్తుంది. కూర్చున్న దేహానికి నిలకడ నేర్పుతుంది. అన్నిటికీ మించి, కుర్చీలోని విలుకాడు నిలబడిన విలుకానితో సరిసమానంగా పోటీపడగలడు.

1948 జూలై 29న లండన్ ఒలింపిక్స్ ప్రారంభమయ్యాయి. అదే రోజున స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి పచ్చికపై 16 మంది చక్రాల కుర్చీలలో విల్లంబులు పట్టారు. వారిలో ఇద్దరు స్త్రీలు. 1952లో నెదర్లాండ్స్ క్రీడాకారులు రావడంతో పోటీలు అంతర్జాతీయమయ్యాయి. 1960లో రోమ్ నగరంలో 23 దేశాల నుండి సుమారు 400 మంది పాల్గొన్నారు. ఆ పోటీలే తరువాత మొదటి పారాలింపిక్స్‌గా గుర్తింపు పొందాయి.

ఆ వెలుగు మన దేశానికీ ప్రసరించింది. 1965 యుద్ధంలో తుపాకి గుళ్లు తగిలి నడుము క్రింద చలనం కోల్పోయిన మహారాష్ట్ర సైనికుడు మురళీకాంత్ పేట్కర్, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్ ఈతపోటీలో స్వర్ణపతకం సాధించారు. ప్రాణభయంతో గుట్‌మన్ విడిచి వచ్చిన దేశంలోనే, ఆయన నాటిన మొక్క ఒక భారతీయునికి అలా ఫలమిచ్చింది.

1966లో బ్రిటన్ ఆయనకు సర్ బిరుదునిచ్చి గౌరవించింది. 1980 మార్చి 18న గుట్‌మన్ కన్నుమూశారు. నడవలేని కాళ్లను ఆయన నడిపించలేదు. నడవలేనంత మాత్రాన బ్రతుకు ముగియదని నిరూపించారు. గని కార్మికుని మంచం చుట్టూ కట్టిన తెర అలా తొలగిపోయింది. మన ఊళ్లలో, మన ఇళ్లలో ఇంకా అటువంటి తెరల వెనుక ఉండిపోయినవారి కోసం వాటిని తొలగించవలసిన బాధ్యత మనది.