తెర వెనక కూర్చున్న విద్యార్థిని: డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి

ముంచింగిపుట్టు మండలంలో నొప్పులొచ్చిన గర్భిణిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చే కొండ శిఖర గ్రామాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కొండల ఆడపిల్లలే ఏఎన్‌ఎం, నర్సింగ్ చదువులకు వెళ్తున్నారు. బీపీ చూడటం నేర్చుకుంటారు. హిమోగ్లోబిన్ 11 గ్రాములు లేకపోతే రక్తహీనత అని, 7 కంటే తగ్గితే ప్రాణానికే ముప్పు అని నోటుపుస్తకంలో రాసుకుంటారు. కాన్పులోపు కనీసం నాలుగుసార్లు పరీక్ష చేయించాలని, 180 ఐరన్ మాత్రలు మింగించాలని బట్టీ పడతారు. ఆడపిల్ల, అందులోనూ పుట్టుకను బట్టి లోకం తక్కువ చేసి చూసిన ఆడపిల్ల, ఈ చదువు దాకా రావడం వెనక పెద్ద పెనుగులాటే ఉంది. ఆ పెనుగులాటలో ముందు నడిచినవాళ్లలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఒకరు. విశాఖ ఏజెన్సీ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజులవి.

ఆమె 1886 జూలై 30న పుదుక్కోట్టై సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చారు. ఈ పెళ్లి కారణంగా తండ్రిని ఆయనవాళ్లు దూరం పెట్టారు. తండ్రి కులం దగ్గరికి రానివ్వలేదు. తల్లి పుట్టుక మీద ఊరికున్న చిన్నచూపు మాత్రం పిల్లల వెంటే వచ్చింది.

ఈడొచ్చాక ఇంట్లోనే చదివి 1902లో మెట్రిక్ పాసయ్యారు. మగపిల్లల కాలేజీలో సీటు అడిగితే గొడవ మొదలైంది. ఆమె వస్తే తమ పిల్లలను మానిపిస్తామని కొందరు తల్లిదండ్రులు బెదిరించారు. చివరికి రాజా మార్తాండ భైరవ తొండమాన్ అనుమతి ఇచ్చాకే చేరగలిగారు. క్లాసులో ఆమెకూ మగపిల్లలకూ మధ్య తెర కట్టారు. ఆ తెర వెనక నుంచే పాఠాలు విని నెగ్గారు.

1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చుట్టూ మగవాళ్లు, తెల్లదొరల పాఠాలు. సర్జరీ ఆడవాళ్లకు అబ్బదనుకునే కాలంలో ఆ పేపర్‌లోనే ఆమె మొదటి స్థానం తెచ్చుకున్నారు. 1912లో పతకాలతో పట్టా పుచ్చుకుని, మద్రాసు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో తొలి మహిళా హౌస్ సర్జన్ అయ్యారు. 1844లో మొదలైన ఆసుపత్రి అది. బాల్యవివాహాలు మామూలైన ఆ రోజుల్లో తుంటి ఎముకలు పూర్తిగా ఎదగకముందే కడుపులు వచ్చేవి. అలాంటి ఒంట్లో బిడ్డ అడ్డం తిరిగినా, తల ఇరుక్కున్నా తల్లీబిడ్డలిద్దరికీ గండమే.

ఇంకో అన్యాయాన్నీ ఆమె పట్టించుకున్నారు. కలిగినవాళ్లు తమ పిల్లలకు పాలివ్వడానికి దళిత, పేద బాలింతలను కుదుర్చుకునేవాళ్లు. ముట్టుకుంటే మైల అన్న ఒంటి నుంచి వచ్చే పాలకు మాత్రం మైల లేదు. ఆ తల్లి సొంత బిడ్డ ఆకలితో ఉండేది. ఈ పద్ధతిని ముత్తులక్ష్మి తప్పుపట్టారు.

1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్లి చేసుకున్నారు. తనను సమానంగా చూడాలని, తన పనికి అడ్డురాకూడదని ముందే షరతు పెట్టారు. ప్రాక్టీసు బాగా నడుస్తుండగానే మళ్లీ విద్యార్థినిగా మారారు. 1925లో ఇంగ్లండ్ వెళ్లి స్త్రీల, శిశువుల వైద్యంలో పైచదువు చదివారు.

తిరిగొచ్చాక మద్రాసు శాసనమండలికి నామినేట్ అయ్యారు. సభ ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది. పెళ్లి వయసు ఆడపిల్లకు కనీసం 16, మగపిల్లవాడికి 21 ఉండాలని అక్కడ వాదించారు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14 దగ్గరే ఆగింది. దేవదాసీల ఇనాం భూములను గుడి సేవ బంధం నుంచి విడిపించే సవరణ 1929లో తెచ్చారు. అయితే ఆమె మాటను దేవదాసీలందరూ ఒప్పుకోలేదు. తమ బతుకుతెరువు, కళ, గౌరవం పోతాయని బెంగళూరు నాగరత్నమ్మ లాంటివాళ్లు గట్టిగా ఎదిరించారు. ఆ వాదననూ చరిత్రలో చెరపకూడదు. బాలికలను గుడికి అంకితం చేయడాన్ని నిషేధించే చట్టం 1947లో గానీ రాలేదు. మన దగ్గర జోగినీల పేరుతో దళిత ఆడపిల్లలను బలిచేసిన ఆచారంపై ఆంధ్రప్రదేశ్ చట్టం చేయడానికి 1988 దాకా పట్టింది.

1930లో దేవదాసీ కుటుంబాల నుంచి తప్పించుకొచ్చిన పిల్లలకు హాస్టళ్లలో చోటు దొరకలేదు. వాళ్లను ముత్తులక్ష్మి తన ఇంట్లోకి తీసుకున్నారు. అదే అవ్వై హోమ్ అయింది. చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయిన దుఃఖం అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు దారితీసింది. 1954లో అది పని మొదలుపెట్టింది. 1968 జూలై 22న ఆమె కన్నుమూశారు. తమిళనాడులో పేద గర్భిణులకు డబ్బు సాయం చేసే ప్రభుత్వ పథకం ఇప్పటికీ ఆమె పేరుతోనే నడుస్తోంది.

ఆమె దళితురాలు కాదు, ఆదివాసీ కాదు. తండ్రి చదువు, రాజుగారి అనుమతి ఆమెకు దారి ఇచ్చాయి. మన పిల్లలకు దయ చూపించే రాజులు అక్కర్లేదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఉంది. ఇప్పుడు పాడేరులోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. డోలీ మోసే ఊరి పిల్లలు అందులో ఎందరు కూర్చుంటున్నారు, చదివినవాళ్లు తిరిగి కొండెక్కడానికి రోడ్డు ఉందా అన్నవే మనం ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్నలు. నేర్చుకున్న పిల్ల గర్భిణి దగ్గరికి చేరలేకపోతే, ఆ తెర ఇంకా తొలగనట్టే.