ప్రాణం కాపాడిన పురుగు

పిల్లలూ! అరోరాలో ఫాక్స్ నది ఒడ్డున ఎండిపోయిన చేప కనిపిస్తే మీరు ముక్కు మూసుకుంటారు కదా? అలా చచ్చి ఎండినవాటి మీద బతికే ఓ చిన్న పురుగు ఉంది. పేరు నెక్రోబియా రూఫికోలిస్. బియ్యపు గింజంతే ఉంటుంది. మెడ, భుజాలు ఎరుపు. వెనక భాగం మెరిసే నీలం. చాలా దేశాల్లో కనిపిస్తుంది. ఫ్రాన్సులో ఇది ఒక మనిషి ప్రాణం కాపాడింది, తెలుసా?

ఆయన పేరు పియర్ ఆంద్రే లాత్రెయ్. 1762లో బ్రీవ్ అనే ఊళ్ళో పుట్టారు. చర్చిలో ఫాదర్ అయ్యారు. పురుగులంటే ఆయనకి మహా ఇష్టం. ఇంతలో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. కొత్త ప్రభుత్వం చెప్పినట్టు వింటామని ఫాదర్లు ప్రమాణం చేయాలన్నారు. లాత్రెయ్ చేయలేదు. 1793లో ఆయన్ని బోర్డో ఊళ్ళో జైల్లో పెట్టారు.

ఒకరోజు ఖైదీలను చూడడానికి డాక్టరు వచ్చారు. లాత్రెయ్ నేల మీద పురుగునే చూస్తున్నారు! అది అరుదైనదని డాక్టరుకి చెప్పారు. డాక్టరు దాన్ని బోరీ అనే 15 ఏళ్ల కుర్రాడికి పంపించారు. బోరీకి కూడా పురుగుల పిచ్చి. లాత్రెయ్ ఎవరో అతనికి ముందే తెలుసు. తెలిసినవాళ్ళ సాయంతో ఆయన్ని విడిపించాడు. జైల్లో మిగిలినవాళ్ళలో చాలామంది బతకలేదు.

1796లో లాత్రెయ్ పురుగులను ఎలా గుర్తుపట్టాలో ఒక పుస్తకం రాశారు. 1830లో పారిస్ మ్యూజియంలో ప్రొఫెసర్ అయ్యారు. 1833లో చనిపోయారు. ఆయన సమాధి మీద ఈ పురుగుకి కూడా చోటిచ్చారు.

మీ వంతు: పెరట్లో ఒక పురుగును ముట్టుకోకుండా చూడండి. దాని రంగు, సైజు, కాళ్ళు ఎన్నో మూడు వాక్యాల్లో రాయండి.